జడలు వేసిన చేతులు

ఇంటి నుంచి,
సోమవారం, మార్చి 9, మధ్యాహ్నం

చిరంజీవి పిడుగుకు,

నాన్న దీవెనలు. అల్లుడుగారికి నమస్కారాలు, మనవరాలికి ముద్దులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకులే అనిపించింది. అమ్మ మాత్రం బాగానే ఉంది. భోంచేసి కిటికీ పక్క కుర్చీలో కునుకు తీస్తోంది. నా సంగతి కింద రాస్తాను.

నిన్ను పిడుగు అని పిలిచి ఐదేళ్లయింది. ఇప్పుడు నువ్వు బళ్లో పంతులమ్మవి, నువ్వు గుమ్మంలో అడుగుపెడితే నలభైమంది పిల్లలు కిక్కురుమనకుండా కూర్చుంటారని విన్నాను. ఇంట్లో నీ పేరు పిడుగని వాళ్లకి తెలిస్తే ఇంకేమైనా ఉందా. అందుకే కవరు మీద రాయలేదు, లోపలే రాశాను.

నీ కార్డు అందింది. పేపర్లో నా ఫోటో పడ్డ మూడో రోజే అందింది. చాలా కాలానికి నీ చేతిరాత కనబడేసరికి ముందు సంతోషం వేసింది, చదివాక ఆ సంతోషం ఎటు పోయిందో తెలియదు. రెండే వాక్యాలు రాశావు. ఇన్నేళ్లు శవాల దగ్గరుండి అవి ఒకప్పుడు మనుషులన్న సంగతే మరిచిపోయావా నాన్నా అని ఒకటి. పక్కన అమ్మ ఉండగా ఇలా ఎలా జరగనిచ్చావు అని ఇంకొకటి. జవాబు రాయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. కేసు తేలేదాకా ఎవరికీ ఏమీ రాయొద్దని లాయరుగారు చెప్పారు, అదొక సాకు. అసలు సంగతి నాకు నీ మీద చాలా కోపం వచ్చింది. నీకు ముక్కు మీద ఉండే కోపం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందనుకున్నావు మరి.

ఇప్పుడు కేసు తేలింది. ఏడాది జైలు. వచ్చే సోమవారం పొద్దున పదింటికి నా అంతట నేనే వెళ్లి లొంగిపోవాలి. ఒక సంచీ, రెండు జతల బట్టలు, కళ్లజోడు తెచ్చుకోవచ్చట. నాకేం బెంగ లేదు. ముప్ఫై ఒక్కేళ్లు మార్చురీలో పనిచేసినవాడికి తలుపు బయట్నుంచి గడియ పెట్టే గదులు కొత్తా. బెంగంతా అమ్మ గురించి. నువ్వు ఆదివారంలోగా వచ్చి అమ్మని నీ దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ ఉత్తరంలో నేను అడిగేది ఇదొక్కటే. మిగతాదంతా నువ్వు కార్డులో అడిగావు గనక రాస్తున్నాను.

పోయిన ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున ఒక అమ్మాయిని తెచ్చారు. ఇరవయ్యారేళ్లది. బట్టల దుకాణంలో పనిచేసేది. రోడ్డు దాటుతుంటే వెనక నుంచి వ్యాను గుద్దింది. ముఖం మీద ఒక్క గీత లేదు, నిద్రపోతున్నట్టే ఉంది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. వాళ్ల అమ్మానాన్నలు ఆ పేరును ఇప్పటికే చాలా కాగితాల మీద చూడాల్సి వచ్చింది. వాళ్లుండేది చాలా దూరం. వానలకి దారిలో వంతెన కొట్టుకుపోవడంతో మంగళవారం గాని రాలేకపోయారు.

ఆ రోజు అమ్మా నేనూ ఒకే డ్యూటీలో ఉన్నాం. అమ్మ ఎప్పటిలాగే గోరువెచ్చని నీళ్లతో ఆ అమ్మాయికి ఒళ్లు కడిగింది. గోరువెచ్చనివి ఎందుకే, వాళ్లకేం తెలుస్తుంది అని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అడిగాను. వాళ్లకి తెలియకపోతే నాకు తెలుస్తుందిగా అంది. తరవాత మళ్లీ అడగలేదు. కడిగాక ఆరో నంబరు అరలో పెట్టాం. నీకు మా పద్ధతి తెలుసు కదా. ఒకరు కాలి చీటీ పైకి చదవాలి, ఇంకొకరు రిజిస్టరులో వేలు పెట్టి అదే పేరు పైకి చదవాలి, తలుపు మూసేముందు పేరు ఇంకోసారి పిలవాలి. మూడోసారి పిలవడం రూలు కాదు, అమ్మ పెట్టుకున్న అలవాటు. ఏమిటీ పిలుపులని కొత్త డాక్టర్లు నవ్వేవారు. కొన్నాళ్లకి వాళ్లూ ఆ పేరు పిలిచేదాకా ఆగేవారు.

ఆ మధ్యాహ్నం చల్లబరిచే మిషన్ సరిగా పనిచేయడం లేదు. ఆరో అరలో వేడి పెరుగుతోందనిపించి ఆ అమ్మాయిని ట్రాలీ మీద పాత భవనం చివరి గదిలోకి మార్చి మంచం మీద పెట్టాను. బాగయ్యాక తిరిగి తేవాలనుకుని మరిచిపోయాను. ఇది నేను కోర్టులో చెప్పిన మాట. నీకూ అదే చెబుతున్నాను.

మరిచిపోతే మర్నాడైనా తెలియాలిగా అంటావు. జడ్జిగారూ అదే అడిగారు. రోజూ పొద్దున ప్రతి అరా తెరిచి, మనిషిని చూసి, సంతకం పెట్టాలని రూలు. మిషన్ ముసలిది, తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లదనం పోయేది. అందుకని మేము తలుపు తెరవకుండా, తలుపు మీద అంటించిన చీటీ చూసి సంతకం పెట్టడం అలవాటు చేసుకున్నాం. ఎన్నేళ్లుగానో అలాగే చేశాం. లోపల ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు అనే ధీమా. ఆరో అర మీద చీటీ ఉంది. శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం, నాలుగుసార్లు ఖాళీ అర ముందు నిలబడి అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాను. కోర్టులో ఆ నాలుగు సంతకాలూ తెరమీద పెద్దవి చేసి చూపించారు. నా సంతకం ఎంత చక్కగా ఉందో చూసి నాకే సిగ్గేసింది.

మంగళవారం వాళ్లొచ్చారు. తండ్రి ప్రయాణంలో నలిగిన చొక్కాని గుమ్మం దగ్గర నిలబడి సవరించుకున్నాడు, కూతురికి కనబడబోతున్నాడు కదా. నేను అర లాగాను. ఖాళీగా ఉంది. ఆయన నా వైపు చూశాడు, నేను చీటీ వైపు చూశాను. తరవాత వెతుకులాట. పాత భవనం గది తలుపు తీసింది నేనే. నాలుగు రోజులు, ఉక్కపోసే రోజులు, కిటికీ మూసి ఉంది, పైన రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఇంతకంటే రాయను. అంత చక్కటి ముఖం, తల్లిదండ్రులకి చూపించే వీలు లేకుండా పోయింది. మూసిన పెట్టెను మాత్రం అప్పగించాం. వాళ్లకి ఆఖరి చూపు దక్కకుండా చేశాం. నేను చేసింది తప్పా కాదా అని నాకు ఏ చట్టమూ చెప్పక్కర్లేదు.

చట్టంలో రెండు ముక్కలున్నాయని లాయరుగారు చెప్పారు. చనిపోయినవాళ్ల శరీరాన్ని కావాలని అవమానించడం ఒకటి. కాపాడాల్సినవాడు కాపాడకుండా వదిలేయడం రెండోది. రెండోది మొదటి రోజే ఒప్పుకున్నాను. మొదటిది కాదన్నాను. ఏడు నెలలూ ఆ మొదటిదాని మీదే నడిచాయి. కారణం జడలు.

ఆ అమ్మాయిని తెచ్చినప్పుడు జుట్టు విరబోసుకుని ఉంది. గదిలో దొరికినప్పుడు రెండు జడలున్నాయి, చివర కట్లు కట్టే గాజుగుడ్డ పేలికలతో ముళ్లు వేసి. అప్పుడు పోలీసులు తీసిన ఫోటో మీద ప్రభుత్వ లాయరు రెండు పూటలు వాదించాడు. మాటిమాటికీ కళ్లజోడు తుడుచుకునే సన్నటి మనిషి. అరవయ్యేళ్ల మగవాడు, మూసిన గదిలో, చనిపోయిన ఆడపిల్ల జుట్టుతో ఏం చేస్తున్నట్టు అని అడిగాడు. వెనక బెంచీల్లో గుసగుసలు. నాకు తల కొట్టేసినట్టయింది. పొడుగాటి జుట్టు అర కింద పట్టాల్లో చిక్కుకుంటుంది, అందుకని జడలు వేస్తాం అని చెప్పాను. అది నిజమే. అయితే ఒక్క జడ చాలదా, రెండెందుకు అన్నాడు. 

అప్పుడాయన అసలు నీకు జడ వేయడం వచ్చా అని అడిగాడు. వచ్చు, మా అమ్మాయికి వేసి నేర్చుకున్నానన్నాను. ఫైళ్లు కట్టే తాళ్లు ఆరు తెప్పించి బోను కమ్మీకి కట్టించి, వేసి చూపించమన్నాడు. పిడుగూ, కోర్టంతా చూస్తుండగా నేను జడలు వేశాను. అమ్మకి పొద్దుటి డ్యూటీ పడ్డ రోజుల్లో బడికి వెళ్లేముందు నీ జడలు నేనే వేసేవాణ్ణి కదా. నువ్వు ఒక్క క్షణం కుదురుగా ఉండేదానివి కాదు, నేను దువ్వెన పళ్ల మధ్య పెట్టుకుని నిన్ను తిట్టలేక ఊరుకునేవాణ్ణి. ఒక జడ లావు, ఒకటి సన్నం. ఒకటి చెవి పక్కన, ఒకటి మెడ మీద. పాపిడి పిల్లకాలువలాగా ఎటో వెళ్లేది. పంతులమ్మ నిన్ను చూడగానే ఇవాళ మీ నాన్న డ్యూటీయా అనేదని వచ్చి ఏడ్చేదానివి. కోర్టులోనూ అలాగే వచ్చాయి, ఒకటి లావు ఒకటి సన్నం. జడ్జిగారు పెదవులు బిగపట్టుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు. మొదటి ఆరోపణ రుజువు కాలేదని తీర్పులో రాశారు. ఆ రకంగా నీ బడి జడలు నన్ను గట్టెక్కించాయి.

తీర్పు రోజున వరండాలో ఆ అమ్మాయి తల్లి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది. జడలు వేసేటప్పుడు మెల్లగా దువ్వారా, దానికి తల మీద చెయ్యి గట్టిగా పడితే నొప్పి అని. చాలా మెల్లగానమ్మా అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఏడాది కాదు పదేళ్లు వేసినా నాకు ఆ ప్రశ్నంత బరువు ఉండేది కాదు.

నేను మళ్లీ రాస్తాను, అమ్మ లేచింది.

మంగళవారం, పొద్దున

నిన్న అమ్మ లేచి వచ్చి, ఎవరికయ్యా అంత పొడుగు ఉత్తరం అని అడిగింది. పిడుగుకి అన్నాను. దానికి ఉత్తరమెందుకు, సాయంత్రం బడి నుంచి వచ్చేస్తుందిగా అంది. నువ్వు భయపడకు. ఈ గొడవల తరవాత కాస్త మతిమరుపు పట్టుకుంది, అంతే. ఒక్కోరోజు నీకు పెళ్లయిందనీ కూతురుందనీ తెలుసు. ఒక్కోరోజు నువ్వింకా మూడో తరగతి. ఏ రోజు ఏదో పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు తెలిసిపోతుంది. దాన్నిబట్టి మాట్లాడితే సరిపోతుంది.

నీకు తెలియాల్సినవి రాస్తాను. సాయంత్రం నాలుగవుతుంటే చెప్పులేసుకుని డ్యూటీకి బయల్దేరుతుంది. తలుపుకి అడ్డం నిలబడకు, కోపం వస్తుంది. ఇవాళ సెలవు ఇచ్చారమ్మా అను. అవునా, ఎవరు చెప్పారు అంటుంది. పెద్ద డాక్టరు చెప్పారను. ఆయన మాటంటే ఇప్పటికీ గురి. పొయ్యి దగ్గరికి ఒంటరిగా వెళ్లనివ్వకు. కొత్తవాళ్లు ఇంటికొస్తే వాళ్ల పేరు మూడుసార్లు పిలుస్తుంది, వాళ్లు కంగారుపడకుండా చూసుకో. నేనెక్కడని అడిగితే మిషన్ బాగుచేయిస్తున్నానని చెప్పు.

సబ్బు దాచిపెట్టు. గంటకి నాలుగుసార్లు చేతులు కడుక్కుంటుంది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి రక్తం వస్తుంది. పడుకునేముందు నూనె రాసి పాత మేజోళ్లు తొడుగుతాను, పొద్దుటికి తీసేసి ఉంటాయి. ఇది ఈ మధ్య వచ్చింది కాదు. ఎప్పటి నుంచో నీకు తెలుసు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఐదేళ్లుగా ఈ సంగతి మనిద్దరం తప్పించుకు తిరుగుతున్నాం.

మనవరాలు పుట్టిన నాలుగో రోజు. అమ్మ రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, పాప కోసం చేతులు చాచింది. నువ్వు పాపని గుండెకి హత్తుకుని, ఆ చేతులతో ముట్టుకోవద్దమ్మా అన్నావు. మీ అత్తగారు పక్కనే ఉన్నారు. నీకు రెండు రోజులుగా నిద్ర లేదు. ఇవన్నీ నాకు తెలుసు. అమ్మ కూడా దారిపొడుగునా అదే అంది, పచ్చి బాలింత, ఏదో అంటుంది, పట్టించుకుంటామా అని. ఇంటికి రాగానే సబ్బు అందుకుంది. చాచిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ రోజు ఆమె వాటిని కొంగులో చుట్టుకుంది చూడు, అది నేను మరిచిపోలేను. ఆ చేతులు ఎంతమంది ఆడవాళ్లకి ఆఖరిసారి తల తుడిచాయో, నువ్వు కట్టుకున్న బట్ట, నువ్వు చదివిన చదువు ఆ చేతుల్లోంచే వచ్చాయని నీకు ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. అది నా పిరికితనం.

తరవాత నువ్వు రాలేదు. కోపమొచ్చి రాలేదని నేను, సిగ్గుపడి రాలేదని అమ్మ. ఎప్పుడూ నీ తరఫునే వాదించేది. నువ్వు ఆ మాట అన్నందుకు నీకంటే ఎక్కువ బాధపడేవాళ్లు ఇంకెవరూ ఉండరనేది. ఆమే నిజం కావచ్చు. అదే అయితే ఇప్పుడు రా. క్షమించమని అడగక్కర్లేదు, ఆమెకి ఆ మాట గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు. చేతులకి మాత్రం గుర్తుంది.

నువ్వు రాలేనంటే ఒక ఆశ్రమంలో మాట్లాడి ఉంచాను. శుభ్రంగా ఉంది, నర్సమ్మ మంచిది. అయితే అక్కడ చేతులు కడుక్కునేవాళ్లని సాయంత్రాలు కుర్చీకి కట్టి ఉంచుతారని వెళ్లినప్పుడు చూశాను. వాళ్ల తప్పేం లేదు, ముప్ఫైమందికి ఇద్దరు మనుషులు.  పక్కింటి టైలరమ్మ ఆదివారం దాకా తోడుంటానంది. ఆపైన ఆమె పనులు ఆమెకున్నాయి.

నా గురించి నువ్వు ఏమైనా అనుకో. నిర్లక్ష్యపు మనిషిననుకో, నీ తండ్రినని బళ్లో చెప్పుకోకు. అమ్మని మాత్రం నా తప్పుకి శిక్షించకు. అల్లుడుగారితో మాట్లాడి ఆదివారం పొద్దుటి బండికి రా. స్టేషనుకి నేను వస్తాను. దూరం నుంచి గుర్తుపట్టకపోతే చెయ్యి ఊపుతాను, బట్టతల మెరుస్తున్నవాడు నాన్నే అనుకో.

ఇంతే సంగతులు. నీ రాక కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తూ,
జడలు సరిగా వేయడం చేతకాని
మీ నాన్న

తా. క.

మంగళవారం మధ్యాహ్నం, పోస్టాఫీసు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అంటించిన కవరుని డబ్బాలో వేయబోయి ఆగి చింపాను. ఇది ఇలాగే పంపితే ఒక ప్రమాదం ఉంది. నువ్వు వచ్చాక అమ్మ, ఆ రోజు నువ్వొచ్చినప్పుడు అని మొదలుపెడుతుంది. ఎప్పుడమ్మా, నేనసలు రాలేదుగా అని నువ్వంటావు. ఆ మాట అనకూడదు. ఎందుకో చెప్పకుండా అనొద్దంటే వినే రకం కాదు నువ్వు. అందుకని చెబుతున్నాను, చదివి ఈ కాగితం చింపెయ్.

ఆ అమ్మాయిని మార్చింది నేను కాదు. ఫోటోలో జడలు రెండూ సమానంగా ఉన్నాయి, పాపిడి గీత గీసినట్టుంది. నా చేత్తో ఎప్పుడైనా అలా వచ్చాయా. కోర్టులో నేను వేసిన తాళ్ల జడలు ఒక పక్క, ఫోటో ఇంకో పక్క, రెండూ అంతమంది కళ్లెదుటే ఉన్నాయి. ఎవరూ పోల్చి చూడలేదు. నువ్వు అక్కడుంటే ఒక్క చూపులో కనిపెట్టేసేదానివి.

ఆ మధ్యాహ్నం నేను మిషన్ బాగుచేసే అతన్ని తీసుకుని మిద్దె మీదికి వెళ్లాను. రెండు గంటలు అమ్మ ఒక్కతే ఉంది. మతిమరుపు ఈ గొడవల తరవాత వచ్చిందని పైన రాశాను, అది అబద్ధం. అప్పటికే రెండేళ్లయింది. పదవీ విరమణకి పది నెలలే ఉందని, ఆమె చీటీలు నేనే రాసి, ఆమె సంతకాల దగ్గర వేలు పెట్టి చూపించి, ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. ఆ పని లేకపోతే ఆమె ఏమైపోతుందోనని. కాబట్టి తప్పు నాదేనని జడ్జిగారితో అన్నది అబద్ధం కాదు. ఆ తల్లిదండ్రుల ముందు నేను దోషినే. ఏడాది చాలదు కూడా.

పాత భవనం చివరి గది ఏదో నీకు గుర్తొచ్చే ఉంటుంది. బడి నుంచి వచ్చి మా డ్యూటీ అయ్యేదాకా నువ్వు పడుకునే గది. అదే మంచం. నీకు ఎప్పుడూ చలేనని రెండు దుప్పట్లు కప్పేది కదా. చివర రిబ్బన్లు దొరకని రోజున గాజుగుడ్డ పేలికలు కట్టేది కదా. ఆ అర తెరిచి ఆ ముఖం చూసినప్పుడు ఆమెకి ఏమనిపించిందో నేను చెప్పక్కర్లేదు.

లాయరుగారికి కూడా ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఆమెని డాక్టర్లు పరీక్షిస్తారు, కోర్టుకి పిలుస్తారు. ఎవరో ఒకరు ఆ ఫోటో ఆమె ముందు పెట్టి, అమ్మా ఈమె మీ అమ్మాయి కాదు, మీ అమ్మాయి ఐదేళ్లుగా రాలేదు, మీరేం చేశారో చూడండి అంటారు. ఆ మాట ఆమె చెవిన పడనివ్వలేకపోయాను.

ఇంకొకటి ఉంది, ఇది ఎవరితోనూ అనలేదు. ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికి వస్తూ ఆమె దారిలోనే నాకు చెప్పింది. పిల్ల వచ్చిందయ్యా, అలసిపోయి పడుకుంది, లేపకు అని. అప్పుడప్పుడు అలాంటి మాటలు అనేది గనక నేను నవ్వి, సరే లేపనులే అన్నాను. వెనక్కి వెళ్లి ఒక్కసారి ఆ గది తలుపు తీసి ఉంటే ఆ తండ్రి తన కూతుర్ని చూసుకునేవాడు. తీయలేదు.

ఇంటికొచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయింది. తల దువ్వుతున్నంతసేపూ కుదురుగా ఉందయ్యా, ముట్టుకోవద్దని ఒక్క మాట అనలేదు అంది. ఐదేళ్లలో ఆ ఒక్క సాయంత్రం ఆమె సబ్బు అడగలేదు.

అందుకని, ఆ రోజు నువ్వొచ్చావని అంటే వచ్చానమ్మా అని చెప్పు. ఆమె దువ్వెన తెచ్చుకుంటే వెనక్కి తిరిగి కూర్చో తల్లీ. ఒక్క మాటా అనకు.